సర్కారు కొలువుకు చదువు, అనుభవం ఎలా లెక్కకొస్తాయి? నల్లగొండ, పాలమూరు అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

నోటిఫికేషన్ పడిందంటే చాలు, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో పిల్లలు బ్యాగు సర్దుకొని హైదరాబాద్ బస్సెక్కుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్, అశోక్‌నగర్‌లో కోచింగ్, చిక్కడపల్లి లైబ్రరీలో ఓ కుర్చీ. ఇవన్నీ కుదిరి, ఫీజులు కట్టేశాక, చివరి తేదీ మీద పడినప్పుడు గానీ ‘అర్హతలు’ అన్న పేజీ తెరవరు. ఈ వరుసను తిరగేయమన్నదే నా సలహా. ముందు కాగితాలు, తర్వాత పుస్తకాలు. ర్యాంకు తెచ్చుకొని, సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర ‘ఇది చెల్లదమ్మా’ అనిపించుకోవడం కన్నా పరీక్ష తప్పడమే నయం.

సిలబస్ గురించి, ఏ పుస్తకం చదవాలన్న దాని గురించి ఇక్కడ ఒక్క ముక్క ఉండదు. మీ చదువు, మీరు చేసిన పని ప్రభుత్వం దృష్టిలో ఎంత విలువ చేస్తాయి, ఆ విలువను కాగితం మీదకు ఎలా తెచ్చుకోవాలి అన్నదే విషయం.

మొదటి అడుగు: నోటిఫికేషన్‌ను పోస్టుల సంఖ్య దగ్గర ఆపకండి

పేపర్లో ‘వేల కొలువులు’ అని చూసి సంబరపడిపోతాం. అసలు సంగతి టీజీపీఎస్సీ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) సైట్లో ఉన్న పూర్తి నోటిఫికేషన్‌లో, అందులోనూ చివర ఉండే అనుబంధాల్లో ఉంటుంది. ప్రింట్ తీయించుకొని పెన్ను పట్టుకొని చదవండి. నాలుగు చోట్ల గీత గీయాలి.

ఒకటి, విద్యార్హత వాక్యం. అందులో ‘మరియు’, ‘లేదా’ అన్న మాటల మీద కళ్లు పెట్టండి. హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టుకు డిగ్రీ మరియు బీఈడీ అడిగారనుకోండి, డిగ్రీ ఉన్నంత మాత్రాన లాభం లేదు. రెండు, ఆ అర్హత ఏ తేదీ నాటికి చేతిలో ఉండాలి అన్నది. టీజీపీఎస్సీ ఎక్కువగా నోటిఫికేషన్ తేదీనే లెక్కలోకి తీసుకుంటుంది. ఫైనల్ ఇయర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కొన్ని బోర్డులు దరఖాస్తు చివరి తేదీని తీసుకుంటాయి, కాబట్టి ఒక నోటిఫికేషన్‌లో చూసింది ఇంకోదానికి అంటగట్టకండి. మూడు, పోస్టు జిల్లా క్యాడరా, జోనా (కొన్ని జిల్లాలు కలిపి), మల్టీ జోనా (కొన్ని జోన్లు కలిపి). నాలుగు, అనుభవం అడిగారా, అడిగితే ఎలాంటి అనుభవం, ఎవరు సంతకం పెట్టాలి.

యూట్యూబ్ చానళ్ల మాటను అర్హత విషయంలో అస్సలు నమ్మకండి. ‘ఎనీ డిగ్రీ చాలు బ్రో’ అన్నవాడు వెరిఫికేషన్ రోజు మీ పక్కన నిలబడడు.

రెండో అడుగు: చదువు గొలుసు తెగకుండా చూసుకోండి

పది, ఆ తర్వాత ఇంటర్ లేదా దానికి సమానమైనది, ఆ తర్వాత డిగ్రీ. ఈ వరుసలో ఒక లంకె లేకపోతే పైదానికి ఎప్పుడూ ఒక ప్రశ్న వేలాడుతూనే ఉంటుంది. పది దగ్గరే బడి మానేసి, పెళ్లయ్యాకో పొలం పనుల మధ్యో మళ్లీ చదువు మొదలుపెట్టినవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. వాళ్లకు దగ్గరి దారి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. పద్నాలుగేళ్లు నిండితే పది, పదిహేను నిండితే ఇంటర్‌లో చేరొచ్చు. పై వయసు పరిమితి లేదు. ఈ సర్టిఫికెట్ రెగ్యులర్‌తో సమానమే. ఓపెన్‌లో చదివామని చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

డిగ్రీకి నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలు ఉన్నాయి. ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఈ యూనివర్సిటీయే దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. దూరవిద్య డిగ్రీ ఎక్కడ చేసినా ఒక్కటి సరిచూసుకోండి: మీరు చేరిన సంవత్సరానికి ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా మండలి అనుమతి ఉందా? యూనివర్సిటీకి పేరుంటే సరిపోదు, ఫలానా కోర్సుకు ఫలానా సంవత్సరం అనుమతి ఉండాలి. అడ్మిషన్ తీసుకున్న రోజే ఆ పేజీని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగినా తడుముకోనక్కర్లేదు.

‘ఒక్క సిట్టింగ్‌లో డిగ్రీ’ అని బస్టాండ్ గోడల మీద కనిపించే ప్రకటనల జోలికి పోవద్దు. మూడేళ్ల డిగ్రీ మూడు నెలల్లో చేతికొచ్చిందంటే అది డిగ్రీ కాదు, రేపు మీ మీద పడే కేసు. ఇంజనీరింగ్ డిగ్రీలు దూరవిద్యలో ఇచ్చిన డీమ్డ్ యూనివర్సిటీల విషయంలో 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కూడా ఇబ్బంది పెట్టింది.

ఇక టీచర్ కొలువుల సంగతి. మన దగ్గర ఇంటికో బీఈడీ ఉన్నట్టుంటుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీ పోస్టులకు బీఈడీ పనికిరాదని తేలిపోయింది. దానికి ఇంటర్ తర్వాత చేసే టీచర్ డిప్లొమా, డీఈడీ, ఉండాల్సిందే. బీఈడీ వాళ్లకు మిగిలింది స్కూల్ అసిస్టెంట్, భాషా పండితులు, గురుకులాల్లోని టీచర్ పోస్టులు, పైన చెప్పిన హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ లాంటివి. ఇంటర్ అయిపోయి ‘ఎట్లాగైనా సర్కారు టీచర్ కావాలి’ అనుకునే అమ్మాయికి నేనైతే డీఈడీనే చెప్తాను. ఇంటర్‌లో ఓసీలకు 50 శాతం, మిగతావాళ్లకు 45 శాతం మార్కులు ఉండాలన్న షరతు మాత్రం మరిచిపోవద్దు. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే అర్హత సాధించినట్టే. ఒకసారి వచ్చిన అర్హత జీవితకాలం ఉంటుంది. అయినా మళ్లీ రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. ఎందుకంటే టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, మిగతా 80 డీఎస్సీ పరీక్షవి. ప్రైవేటు స్కూల్లో పదేళ్లు పాఠాలు చెప్పిన అనుభవానికి ఈ వంద మార్కుల్లో ఒక్కటి కూడా లేదు. అన్యాయమే అనిపిస్తుంది, కానీ లెక్క అంతే.

‘తత్సమానం’ అన్న మాట కొంప ముంచుతుంది. నోటిఫికేషన్‌లో ఒక బ్రాంచి పేరు ఉంటుంది, మీ పట్టాలో కాస్త తేడాగా ఇంకో పేరు ఉంటుంది. రెండూ ఒకటేనని మీ లెక్చరర్ చెప్తే చాలదు. సమానమని చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు కాపీని చూపించాల్సిన బాధ్యత అభ్యర్థిదే. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాసి ముందే లేఖ తెచ్చుకోండి. వెరిఫికేషన్‌కు పిలుపొచ్చాక పరుగెత్తితే ఆ వారం రోజుల్లో ఎవరూ దొరకరు.

అరుదుగా, ఎక్కువ చదవడం కూడా అడ్డమవుతుంది. జిల్లా కోర్టుల్లో ఆఫీస్ సబార్డినేట్ పోస్టులకు గతంలో వచ్చిన నోటిఫికేషన్లలో ఏడు నుంచి పది మధ్య చదివినవాళ్లే అర్హులని పెట్టారు. డిగ్రీ దాచి దరఖాస్తు చేయడం తెలివి కాదు.

మూడో అడుగు: మీరు ఎక్కడి లోకలో తేల్చుకోండి

నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఇది చదువు కన్నా పెద్ద తలనొప్పి. కారణం వలస.

2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఉన్న ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్. పాత పద్ధతిలో నాలుగు నుంచి పది వరకు చూసేవాళ్లు. అది గుర్తున్న పెద్దలు ఇప్పటికీ ‘పదో తరగతి ఎక్కడ?’ అనే అడుగుతారు, ఆ మాట పట్టించుకోకండి. జిల్లా, జోన్, మల్టీ జోన్ క్యాడర్లలో 95 శాతం పోస్టులు లోకల్స్‌కే. మిగిలిన 5 శాతం ఓపెన్. అంటే నాన్ లోకల్ అయ్యారంటే తలుపు దాదాపు మూసుకున్నట్టే.

జోన్లు ఇలా ఉన్నాయి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు జనగామతో కలిసి యాదాద్రి జోన్‌లో ఉన్నాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు జోగుళాంబ జోన్. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి, వికారాబాద్ చార్మినార్ జోన్. ఈ మూడు జోన్లూ మల్టీ జోన్-2లోకి వస్తాయి.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేవే చూద్దాం. మునుగోడు దగ్గరి కుటుంబం, తండ్రి ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడు. పిల్లవాడు ఒకటి నుంచి మూడు వరకు ఊళ్లో, నాలుగు నుంచి ఏడు వరకు ఎల్బీనగర్‌లో చదివాడు. ఇంటి పేరు, ఓటు, రేషన్ కార్డు అన్నీ నల్లగొండవే కావచ్చు, కానీ కొలువు లెక్కలో అతను రంగారెడ్డి లోకల్. మల్టీ జోన్ పోస్టులకు తేడా ఏమీ లేదు, జిల్లా, జోన్ పోస్టులకు మాత్రం నల్లగొండలో నాన్ లోకల్. ఇంకొకరు మూడేళ్లు నల్లగొండలో, రెండేళ్లు సూర్యాపేటలో, రెండేళ్లు విజయవాడ హాస్టల్లో చదివారు. జోన్ లెక్కలో ఐదేళ్లు యాదాద్రి జోన్‌లోనే కాబట్టి అక్కడ లోకల్. జిల్లా క్యాడర్‌కు వచ్చేసరికి ఏ ఒక్క జిల్లాలోనూ నాలుగేళ్లు లేవు, అక్కడ పేచీ మొదలవుతుంది.

సరిహద్దు ఊళ్లలో ఇంకా చిక్కు. అలంపూర్ పిల్లలకు కర్నూలు పక్కనే, మక్తల్ వాళ్లకు రాయచూరు, కోదాడ వాళ్లకు ఎన్టీఆర్ జిల్లా (పాత కృష్ణా) బడులు. మంచి స్కూలని చిన్నప్పుడే పంపిస్తే, నాలుగేళ్లు నిండాయంటే సొంత రాష్ట్రంలోనే నాన్ లోకల్. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు ఈ పేరా ఒకటికి రెండుసార్లు చదవండి. ఇంటర్, డిగ్రీ ఎక్కడ చదివినా పర్వాలేదు, ఏడో తరగతి దాకా మాత్రం చూసి చేర్పించండి.

తల్లిదండ్రుల వెంట ముంబై, పుణె పోయి బడి మొహం చూడనివాళ్లు, తర్వాత ఓపెన్‌లో నేరుగా పది రాసినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏ బడిలో చదివారో చెప్పే బోనఫైడ్ ఉండదు. ఆ ఏడేళ్లు ఎక్కడ ఉన్నారో చెప్పే నివాస ధ్రువపత్రం తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి.

పాత జిల్లాలు విడిపోయిన సంగతి కూడా చూసుకోండి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొడంగల్ ఇప్పుడు వికారాబాద్‌లో, అంటే చార్మినార్ జోన్‌లో ఉంది. ఆమనగల్లు రంగారెడ్డిలో కలిసింది. నారాయణపేట 2019లో వేరే జిల్లా అయింది. మీరు చదివిన రోజుల్లో ఊరు ఏ జిల్లాలో ఉందన్నది కాదు, ఆ బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది ఓటీఆర్‌లో (టీజీపీఎస్సీ సైట్లో ఒక్కసారి చేసుకునే వివరాల నమోదు) నింపాలి.

బోనఫైడ్‌లు తెచ్చుకునే పని వేసవి సెలవులకు పెట్టుకోవద్దు, హెడ్‌మాస్టర్ దొరకడు. తరగతి, విద్యా సంవత్సరం, ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, అడ్మిషన్ నంబరు అన్నీ ఉండాలి. ‘ఒకటి నుంచి ఐదు వరకు చదివాడు’ అని ఒక్క ముక్కలో రాసిస్తే మళ్లీ రాయించుకోండి, ఏ ఏడాది ఏ తరగతి అన్నది విడివిడిగా కావాలి. బడి మూతపడి ఉంటే రికార్డులు ఎక్కడికి చేరాయో మండల విద్యాధికారి ఆఫీసులో చెప్తారు. గుర్తింపు లేని ప్రైవేటు బడిలో చదివితే ఆ ఏళ్లకు ఇబ్బంది వస్తుంది, దాన్ని ఇప్పుడే తేల్చుకోవాలి.

నాలుగో అడుగు: అనుభవం మూడు రకాలుగా లెక్కకొస్తుంది

‘నాకు పన్నెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది’ అంటే ప్రభుత్వం అడిగే మొదటి ప్రశ్న: ఎక్కడ, ఎవరి కింద? అనుభవం పనికొచ్చే దారులు మూడే.

మొదటిది, అనుభవమే అర్హతలో భాగం కావడం. ఆర్టీసీ డ్రైవర్‌కు హెవీ లైసెన్సు ఉంటే చాలదు, అది నిర్ణీత కాలంగా రెన్యువల్ తెగకుండా చేతిలో ఉండాలి. లైసెన్సు గడువు దాటి నాలుగు నెలలు పడేసి మళ్లీ చేయించుకున్నవాళ్లు ఈ షరతు దగ్గర ఆగిపోతారు. లారీలు, స్కూలు బస్సులు నడిపే కుర్రాళ్లు లైసెన్సు గడువు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

రెండోది, చదువుకు బదులుగా అనుభవం. ఇది తక్కువే, కానీ ఉంది. 2025లో 10,954 గ్రామ పాలన అధికారి పోస్టులకు పాత వీఆర్వోలు, వీఆర్ఏల నుంచి ఎంపిక జరిగినప్పుడు డిగ్రీ ఉన్నవాళ్లను తీసుకున్నారు, ఇంటర్ మాత్రమే ఉంటే కనీసం ఐదేళ్లు ఆ పని చేసి ఉండాలన్నారు. మాజీ సైనికులకు ఇంకో వెసులుబాటు: పది చదివి, పదిహేనేళ్లు సర్వీసు చేసి, సైన్యం ఇచ్చే విద్యా సర్టిఫికెట్ ఉంటే, కేంద్రంలో వాళ్లకు రిజర్వు చేసిన గ్రూప్-సి పోస్టుల్లో డిగ్రీ అడిగిన చోట కూడా అర్హులు. సాంకేతిక అనుభవం తప్పనిసరి అన్న పోస్టులకు ఇది వర్తించదు.

మూడోది, మన జిల్లాల్లో ఎక్కువమందికి పనికొచ్చేది, వెయిటేజీ. వైద్య ఆరోగ్య శాఖ నియామకాలు చూడండి. మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నర్సింగ్ ఆఫీసర్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్ట్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్లలో రాత పరీక్షకు 80, రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో, సంస్థల్లో కాంట్రాక్ట్ లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 20 మార్కులు పెట్టారు. గిరిజన ప్రాంతంలో చేసిన ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల ప్రతి ఆరు నెలలకు 2. నిండిన ఆరు నెలలే లెక్క.

ఒక స్టాఫ్ నర్సు ప్రభుత్వ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ మీద మూడేళ్ల నాలుగు నెలలు చేసిందనుకుందాం. మొత్తం 40 నెలలు. అందులో నిండిన ఆరు నెలలు ఆరు. ఆరు రెళ్లు పన్నెండు, ఆమెకు 12 మార్కులు. మిగిలిన నాలుగు నెలలకు సున్నా. అదే గిరిజన ప్రాంతంలో అయితే 15. పూర్తి 20 రావాలంటే మామూలు చోట ఐదేళ్లు, గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు పడుతుంది. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పదిహేనేళ్లు చేసినామెకు ఈ లెక్కలో ఒక్క మార్కు కూడా లేదు. అర మార్కుకు వందల ర్యాంకులు తారుమారయ్యే పోటీలో 12 మార్కులంటే మాటలు కాదు. అందుకే నర్సింగ్, ల్యాబ్, ఫార్మసీ పూర్తి చేసినవాళ్లకు నా సలహా: ప్రైవేటులో రెండు వేలు ఎక్కువిస్తామన్నా, జిల్లా ఆస్పత్రిలోనో మెడికల్ కాలేజీలోనో ఔట్‌సోర్సింగ్ ఖాళీ దొరికితే దానికే పొండి. జీతం ఆలస్యమవుతుంది, అది నిజమే.

గిరిజన ప్రాంతం విషయంలో ఒక జాగ్రత్త. తండాలు ఎక్కువున్న మండలమంతా గిరిజన ప్రాంతం కిందికి రాదు. నల్లమలలోని అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ గ్రామాలు ఉన్నాయి. దేవరకొండ చుట్టూ ఎన్ని తండాలున్నా అది వేరే లెక్క. అధికారి మీ సర్టిఫికెట్‌లో ఏమని ధ్రువీకరిస్తారో ముందే అడగండి, మీరే 2.5 చొప్పున వేసుకొని కటాఫ్ లెక్కలు కట్టకండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ‘ఇన్నేళ్లు కాంట్రాక్ట్‌లో చేస్తే పర్మినెంట్ కాదా?’ హక్కుగా కాదు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట స్పష్టంగా చెప్పింది. తెలంగాణలో 2016 నాటి జీవో 16 ఆధారంగా 2023 ఏప్రిల్ 30న 5,544 మందిని క్రమబద్ధీకరించారు. ఆ జీవోను 2024 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది, అప్పటికే పర్మినెంట్ అయినవాళ్ల జోలికి మాత్రం పోలేదు. కాబట్టి ‘ఎప్పటికైనా చేస్తారు’ అన్న ఆశ మీద వయసు కరగబెట్టుకోవద్దు. చేస్తున్న పని వెయిటేజీ కోసం, పోటీ పరీక్ష పర్మినెంట్ కొలువు కోసం. రెండూ కలిపే నడిపించాలి.

ఐదో అడుగు: అనుభవాన్ని కాగితం మీదకు తేవడం

అసలు యుద్ధం ఇక్కడే. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు జీతమిచ్చేది ఏజెన్సీ, పని చేయించుకునేది ఆస్పత్రి లేదా ఆఫీసు. టెండర్ మారినప్పుడల్లా ఏజెన్సీ మారుతుంది, మనిషి అదే కుర్చీలో ఉంటాడు. పాత ఏజెన్సీ ఆఫీసు ఎత్తేశాక ‘నేను 2019 నుంచి ఉన్నా’ అని నిరూపించడం ఎలా?

చేరిన రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. నియామక ఉత్తర్వు లేదా ఏజెన్సీ లెటర్, ప్రతి పొడిగింపు ఉత్తర్వు, నెలనెలా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు. పీఎఫ్ పాస్‌బుక్ అన్నింటికన్నా గట్టి సాక్ష్యం, ఏ నెల ఏ సంస్థ పేరున డబ్బు కట్టారో అందులో కనిపిస్తుంది. పీఎఫ్ ఖాతాలకు ఇచ్చే యూఏఎన్ నంబరు ఒక్కటే ఉండేలా చూసుకోండి. ఏజెన్సీ మారినప్పుడు కొత్త యూఏఎన్ పుట్టిస్తే సర్వీసు రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది.

సర్టిఫికెట్ మీద సంతకం ఏజెన్సీ మేనేజర్‌ది పనికిరాదు. ప్రభుత్వ అధికారిది కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైతే సాధారణంగా జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, పెద్దాస్పత్రి అయితే సూపరింటెండెంట్, మెడికల్ కాలేజీ అయితే ప్రిన్సిపాల్. నోటిఫికేషన్‌లో ఏ హోదా రాశారో అదే. నమూనా కూడా నోటిఫికేషన్‌లోనే ఇస్తారు, ఆ నమూనా మీదే టైపు చేయించండి. ఇందులో ఉండాల్సినవి: పోస్టు పేరు, కాంట్రాక్టా ఔట్‌సోర్సింగా, చేరిన తేదీ, ఏ తేదీ వరకు, మధ్యలో విరామాలుంటే అవి, పని చేసిన చోటు, గిరిజన ప్రాంతమా కాదా, సంతకం, హోదా, ముద్ర, తేదీ.

‘సుమారు మూడేళ్లుగా పనిచేయుచున్నారు, ప్రవర్తన మంచిది’ అని రాసిచ్చే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. తేదీ నుంచి తేదీ వరకు ఉండాలి. పోస్టు పేరు కూడా చూడండి. ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేయిస్తూ కాగితాల్లో ‘సపోర్టింగ్ స్టాఫ్’ అని చూపించే చోట్లు ఉన్నాయి. చేసిన పని ఏదైనా కాగితంలో ఉన్న హోదానే లెక్క. ఆ తేడా ఉంటే నోటిఫికేషన్ రాకముందే సరిచేయించుకోవాలి. అధికారి బదిలీ మీద వెళ్లబోతున్నాడని తెలిసిందా, ఆ వారమే అడిగి అప్పటి వరకు సర్వీసుకు ఒక సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. మిమ్మల్ని రోజూ చూసినాయన రాసినంత తేలిగ్గా కొత్తగా వచ్చినాయన రాయడు.

దొంగ అనుభవ పత్రం గురించి ఒక్క మాట. ఎంపిక రద్దవుతుంది, క్రిమినల్ కేసు అవుతుంది, ముందు ముందు రాసే పరీక్షలకూ నిషేధం పడుతుంది.

ఆరో అడుగు: ఐటీఐ చేసినవాళ్ల దారి

డిగ్రీ లేనివాళ్లకు కొలువులు లేవన్నది మన దగ్గర పాతుకుపోయిన అపోహ. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐలో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేదా ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ అడుగుతుంది. రాత పరీక్షతో పాటు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. మార్కులు వచ్చి స్తంభం సగంలో ఆగిపోయినవాళ్లు ఉన్నారు, ఊళ్లో లైన్‌మన్‌ను బతిమాలి ముందే సాధన చేయండి.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్‌ను తేలిగ్గా తీసుకోకండి. దక్షిణ మధ్య రైల్వే యాక్ట్ అప్రెంటిస్‌లను పది, ఐటీఐ మార్కుల మీదే తీసుకుంటుంది, పరీక్ష లేదు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది. ఏడాది స్టైపెండ్ మీద గడపడం కష్టమే కానీ, లక్షల మంది రాసే పరీక్షలో వేరే వరుసలో నిలబడే అవకాశం అది. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంలోనో, వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో పనికి కుదిరేవాళ్లు ఒకటి అడగండి: ఇది అప్రెంటిస్ చట్టం కింద పోర్టల్‌లో నమోదైన శిక్షణేనా, చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుందా? రాకపోతే అది కేవలం కూలి పని. జీతం కోసం చేసుకోవచ్చు, అర్హతగా మాత్రం చూపించలేరు.

ఏడో అడుగు: కులం, ఆదాయం, వయసు

రాష్ట్రంలో బీసీలు కులంతో పాటు, సంపన్న శ్రేణిలోకి రారని చెప్పే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులకు 1, 9, 5గా పంచారు. ఎస్సీ అభ్యర్థులు గ్రూపు స్పష్టంగా ఉన్న కొత్త సర్టిఫికెట్ మీసేవలో తీసుకోండి. కేంద్ర ఉద్యోగాలకు ఓబీసీ సర్టిఫికెట్ నమూనా వేరు, జాబితా కూడా వేరు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులం కేంద్ర జాబితాలో ఉండదు. ఈడబ్ల్యూఎస్‌కు (వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదల కోటా) కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. కేంద్రంలో అయితే ఐదెకరాలు, ఆపైన భూమి ఉన్నవాళ్లకు రాదు. బోరు పడని మెట్ట ఐదెకరాలైనా సరే ఐదెకరాలే, ఆ నిబంధనకు మన నేల తెలియదు.

వయసు పరిమితిని రాష్ట్రం 2024 ఫిబ్రవరిలో 46 ఏళ్లకు పెంచింది, రెండేళ్ల కాలానికి. ఇప్పుడు ఎంతన్నది మీ ముందున్న నోటిఫికేషన్‌లో చూడండి. పోలీసు లాంటి యూనిఫాం సర్వీసులకు ఇది వర్తించదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు ఐదేళ్లు, దివ్యాంగులకు పదేళ్లు సడలింపు ఉంటుంది. ఇప్పటికే రాష్ట్ర ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగులైతే చేసిన సర్వీసును బట్టి ఐదేళ్ల వరకు వస్తుంది. కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఇది లేదు.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు, వెరిఫికేషన్

ఓటీఆర్‌ను నోటిఫికేషన్ లేనప్పుడే నింపి పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే. ఆధార్‌లో ఇంటిపేరు వెనక, మెమోలో ముందు ఉందంటే ఆధార్‌ను మార్చుకోండి, మెమో జోలికి పోకండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు సర్టిఫికెట్లలోని పాత పేరుతోనే దరఖాస్తు చేయడం మేలు. బీసీ నాన్ క్రీమీలేయర్ తల్లిదండ్రుల ఆదాయం మీద వస్తుంది, భర్త ఆదాయం మీద కాదు. ఈ విషయం మీసేవ కౌంటర్లో కూర్చున్నవాళ్లకే ఒక్కోసారి తెలియదు.

మీసేవ సెంటర్ వాడికో నెట్ సెంటర్ వాడికో వదిలేసి టీ తాగడానికి వెళ్లకండి. పక్కనే కూర్చొని ప్రతి గడి చదవండి, ముఖ్యంగా ఒకటి నుంచి ఏడు వరకు జిల్లాలు, రిజర్వేషన్, సర్వీసు వెయిటేజీ కాలమ్‌లు. దరఖాస్తులో క్లెయిమ్ చేయని వెయిటేజీని తర్వాత సర్టిఫికెట్ తెచ్చి చూపినా ఒప్పుకోరు. ఎడిట్ ఆప్షన్ ఇస్తే ఒక్కసారే ఇస్తారు.

వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్ల గెజిటెడ్ సంతకం ఉన్న కాపీలు తీసుకెళ్లండి. ప్రస్తుతం ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దానికి దరఖాస్తు చేసిన రోజే అర్జీ పెట్టండి, ఫైలు కదలడానికి నెలలు పడుతుంది. ఏదైనా పత్రం లేదంటే కొంత గడువు ఇస్తారు. అది నోటితో చెప్తే కాదు, రాతలో ఏ తేదీ వరకో తీసుకోండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే ఈ 30 రోజులు గడిచేలోపు తుది జాబితా వచ్చేస్తే పోస్టు ఇంకొకరికి వెళ్లిపోతుంది. కాబట్టి అర్హత మీద గట్టి నమ్మకం, చేతిలో ఉత్తర్వు కాపీ ఉంటే బోర్డుకు అభ్యంతరం రాసి రసీదు తీసుకొని, అదే వారం లాయర్‌ను కలవండి. సర్వీసు కేసులు చూసే లాయరై ఉండాలి, ఊళ్లో భూమి తగాదాలు చూసే ఆయన కాదు.